ఊర్మిలక్క కెమెరా

మా సిరిసిల్లలో ఊర్మిలక్క పేరెత్తితే సగం మంది మూతి తిప్పుతారు. "దానికి కండ్లు నెత్తికెక్కినయ్" అంటారు. నిజమే, ఆమెకు పొగరుంది. అది కూడా లేకపోతే ఆమె గీసిన చీర మీద ఎవడో తన పేరు వేసుకుని ఆమెకే అమ్మేవాడు. ఒకసారి దాదాపు అంతపనీ అయింది. అందులో నా చేయి కూడా ఉంది కాబట్టి, ఆమె గురించి చెప్పే బాధ్యత నాదే అనుకుంటున్నాను.

నా పేరు శ్రీవాణి. పాత బస్టాండు దగ్గర నాకొక జిరాక్స్, డీటీపీ సెంటర్ ఉంది. కులం సర్టిఫికెట్లు, ఆధార్ కాపీలు, పెళ్లి కార్డులు, అప్పుడప్పుడు ఊర్మిలక్క అంచులు. ఇదీ నా వ్యాపారం.

ఊర్మిలక్క పుట్టింది కోరుట్లలో. పెళ్లయ్యేదాకా అక్కడ బీడీలు చుట్టింది. పెళ్లయి సిరిసిల్లకు వచ్చాక నూలు కండెలు చుట్టింది. "నా బతుకంత చుట్టుడే అయింది" అని నవ్వుతుంది గానీ ఆ నవ్వులో కారం ఉంటుంది. ఆమె భర్త పోశం బావ ఆసామి. అంటే ఇంట్లో రెండు సాంచెలున్నాయి, మరమగ్గాలను మేము అట్లాగే అంటాం, వాటి మీద వేరే యజమాని ఇచ్చిన నూలును, యజమాని చెప్పిన రకాన్ని, మీటరుకింత అని కూలికి నేసిపెడతాడు. ఇరవై ఏళ్లుగా అదే పని. నోట్లో నాలుక లేని మనిషి.

అంచుల మీద పూలూ గీతలూ పడాలంటే సాంచె పైన డాబీ అని ఒక పరికరం ఉంటుంది. ఏ దారం లేవాలో ఏది ఆగాలో అది చెబుతుంది. ఆ డాబీ బిగించే మేస్త్రి వచ్చినప్పుడల్లా ఊర్మిలక్క కండెలు చుడుతూ కళ్లప్పగించి చూసేది. ఒకరోజు బిడ్డ లెక్కల గ్రాఫు పుస్తకం తీసుకుని, గళ్లలో పెన్సిలుతో చుక్కలు పెట్టి తనే ఒక అంచు గీసింది. మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవలు గీసిన్రు?" అని అడిగాడట. తానే అని చెబితే నమ్మలేదు. ఆమె ఆ పూటే ఇంకోటి గీసి చూపించింది.

ఆ తర్వాత నా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. ఆమె గ్రాఫు కాగితం నేను స్కాన్ చేసి, ఆమె చెప్పిన రంగులు నింపి, కంప్యూటర్లో మొత్తం చీరను తయారుచేసి చూపేదాన్ని. అంచు, కొంగు, ఒళ్లు, అన్నీ. "గా ఎరుపు గాదు, పండు మిరపకాయ ఎరుపు" అని నా ప్రాణం తోడేసేది. కానీ పూర్తయ్యాక చూస్తే, అబ్బ, కట్టుకోవాలనిపించేది.

ఇప్పుడు నా పాపం చెబుతాను. ఆమె బతుకమ్మలో పేర్చే గునుగుపువ్వుతో అంచు ఒకటి వేసింది. నాకెంత నచ్చిందంటే, దాన్ని తీసి నా ఫోన్లో స్టేటస్ పెట్టాను. "మా ఊర్మిలక్క చేతి కళ" అని కింద రాశాను, రెండు చప్పట్లు కూడా పెట్టాను. నేను గొప్ప చేశాననుకున్నాను. వారం తిరగకముందే ఆ అంచు మా ఊళ్లో నలభై సాంచెల మీద ఆడింది. అంతటితో పోతే బాగుండేది. పోశం బావకు నూలిచ్చే యజమాని ఆయన్ను పిలిచి, "కొత్త డిజైన్ అచ్చింది పోశం, నీ రెండు సాంచెల మీద గూడ పెట్టు" అని కాగితం చేతిలో పెట్టాడు. ఆయన ఆ కాగితం తెచ్చి, భార్య ముందు పెట్టి గుమ్మంలో కూర్చున్నాడు. ఆమె గీసిన పువ్వు ఆమె ఇంటికే కూలికి వచ్చింది. నేయక తప్పలేదు. మూడు వారాలు నేశారు.

ఆమె నా షాపుకు వచ్చింది. ముగ్గురు గిరాకీలు నిలబడి ఉన్నారు. "నీ స్టేటస్‌ల మన్నువడ! నేను నీకు గీసిచ్చిన్నా, ఊరందరికి గీసిచ్చిన్నా?" అని కడిగేసింది. ఆమె వెళ్లాక జిరాక్స్ మిషన్ వెనక్కి పోయి ఏడ్చాను.

నెల రోజులు ఆమె నా షాపు మెట్లెక్కలేదు. ఎదురుపడితే అటు వైపు రోడ్డు దాటేది. తర్వాత ఒక మధ్యాహ్నం నేరుగా లోపలికొచ్చి, నా ముందు గ్రాఫు కాగితం పరిచింది. మక్కకంకి అంచు. గింజలు వరుస వరుసగా, మధ్యలో ఒక్కో గింజ రాలినట్టు ఖాళీ, పైన పీచు పాయలు పాయలుగా. దానితోపాటు ఇంకో పది కాగితాలు.

"తప్పు నువ్వు చేసినవ్, దిద్దేది గూడ నువ్వే" అంది. "ఇది గూడ పోయిందనుకో శ్రీవాణీ, పెన్సిల్ పొయిల పెడ్త. మల్ల జన్మల గీయ. కండెలే చుట్టుకుంట."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు, అందుకే నాకు భయమేసింది. ఊర్మిలక్క అన్న మాట చేసే మనిషి.

అయితే చీరల దుకాణాల వాళ్లకు చూపించకుండా ఆర్డరు ఎట్లా వస్తుంది? మా దగ్గర ఒక రివాజు ఉంది. నేసేవాడు శాంపిల్ పట్టుకుని దుకాణానికి పోతే, సేటు దాన్ని వేళ్లతో నలిపి చూసి, "పెట్టిపో, రేపు చెప్త" అంటాడు. అది దాటరాని మాట. పెట్టి రావాలి. రేపు పోతే "నడువదు" అని శాంపిల్ తిరిగి చేతికి వస్తుంది. పది రోజులకు అదే రకం ఇంకెవరి సాంచె మీదో చవగ్గా కనిపిస్తుంది. ఈ మధ్య "పెట్టిపో" పోయి "వాట్సాప్ పెట్టు" వచ్చింది. ఇదివరకు దొంగతనానికి ఒక రాత్రి పట్టేది, ఇప్పుడు ఒక వేలు చాలు. మన ఫోన్‌లోనే చూపిద్దామన్నా "ఏదీ, ఇటియ్యి" అని చేతిలోంచి లాక్కుంటారు. తిరిగిచ్చేసరికి బొమ్మ ఊరు దాటి ఉంటుంది.

ఆ పదకొండు కాగితాలూ నా కంప్యూటర్లో చీరలయ్యాక, ఒకరోజు ఊర్మిలక్క సంచిలోంచి ఒక చిన్న డిజిటల్ కెమెరా తీసి టేబుల్ మీద పెట్టింది. వెండి రంగుది, మూలల్లో రంగు లేచిపోయింది, మణికట్టుకు వేసుకునే తాడుంది. కోరుట్లలో తల్లిగారింటి పక్కన షౌకత్ భాయ్ ఫొటో స్టూడియో ఉంది. ఆమె పెళ్లి ఫొటోలు తీసింది ఆయనే. అక్కడ అద్దాల బీరువాలో మూలన పడి ఉన్న దీన్ని చూసి, "దీంట్లకెళ్లి ఫోన్లకు బొమ్మలు పోతయా?" అని అడిగిందట. "పోవు చెల్లె. పాతది. వైఫై లేదు, బ్లూటూత్ లేదు. గందుకే ముఫ్త్‌గ, పైస లేకుంట ఇస్తన్నా ఎవలు తీస్కుంటలేరు" అన్నాడట ఆయన. "గట్లయితే నాకియ్యి" అని తెచ్చుకుంది.

"కంప్యూటర్ల ఉన్న నా చీరలు దీంట్లకు ఎక్కియ్యి" అంది నాతో.

నాకు నవ్వొచ్చింది. లోకమంతా కెమెరాలోంచి కంప్యూటర్‌కు దింపుకుంటుంటే ఈమె కంప్యూటర్ లోంచి కెమెరాకు ఎక్కించమంటుంది. "తీస్కునేటందుకు కెమెరా గని, చూస్కునేటందుకా అక్కా?" అన్నాను.

"పంపరానిది గావాలె నాకు. నేను ఎక్కడుంటే బొమ్మ గక్కడనే ఉండాలె. చూసినోడు కండ్లతోని చూడాలె, చేతులతోని గాదు."

ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది. కెమెరా కార్డు తీసి కంప్యూటర్లో పెట్టాను, పదకొండు చీరల బొమ్మలూ అందులో వేశాను. ఐదు నిమిషాల పని అనుకున్నాను. కార్డు మళ్లీ కెమెరాలో పెట్టి మీట నొక్కితే తెర మీద "బొమ్మలు లేవు" అని వచ్చింది. కంప్యూటర్‌లో పెడితే ఉన్నాయి, కెమెరాలో పెడితే లేవు. వేరే ఫోల్డర్‌లో వేసి చూశాను. ఈసారి బొమ్మలున్నట్టు చూపింది గానీ ఒక్కటీ తెరవలేదు, నల్ల తెర మీద ప్రశ్న గుర్తు పెట్టింది. మూడు రోజులు కుస్తీ పట్టాను. ఊళ్లో కంప్యూటర్ తెలిసిన మనిషినని నాకు కొంచెం పేరుంది. ఆ కెమెరా నా పరువు తీసింది.

ఆదివారం ఇద్దరం వేములవాడ మీదుగా కోరుట్ల బస్సెక్కాం. షౌకత్ భాయ్ మా గోడు విని, గడ్డం నిమురుకుంటూ హాయిగా నవ్వాడు.

"గీ కెమెరాకు గురూర్ ఎక్కువ బేటీ" అన్నాడు నాతో. "తను తీసిన ఫొటో తప్ప పరాయి ఫొటో మొకం గూడ చూడదు. నువ్వు దాని పేరు, దాని ఇల్లు, దాని కొలత ఇస్తేనే తనదనుకుంటది."

ఆయన ముందుగా ఆ కెమెరాతో తన టేబుల్ ఫ్యానును ఒక ఫొటో తీశాడు. కార్డును కంప్యూటర్లో పెట్టి, ఆ ఫ్యాను ఫొటోను కెమెరా ఏ ఫోల్డర్‌లో దాచిందో, దానికి ఏ పేరు పెట్టిందో నాకు చూపించాడు. నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, నాలుగు అంకెలు, అంతే. నేనేమో "మక్కకంకి ఫైనల్ కొత్తది" అని నా తీరులో పేరు పెట్టాను. ఇంగ్లీషు అక్షరాలు తప్ప తెలియని దానికి తెలుగులో చెబితే ఏం అర్థమవుతుంది? మా చీరల బొమ్మలు ఒక్కొక్కటి తెరిచి, కెమెరా తీసే ఫొటో పొడవు వెడల్పులకు సరిపెట్టి, సాదా జేపీజీగా మళ్లీ దాచాం. ఫ్యాను తర్వాతి అంకెలు వరుసగా పేర్లుగా పెట్టాం. అదే ఫోల్డర్‌లో వేశాం. కార్డును పెట్టి మీట నొక్కగానే ముందు ఫ్యాను వచ్చింది, దాని తర్వాత మక్కకంకి.

ఊర్మిలక్క ఆ అరచేతంత కెమెరాను రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూసింది. పెద్దది చేసి గింజ గింజా చూసింది. తర్వాత "పచ్చ జర నీలమైంది" అని వంక పెట్టింది. ఆ పచ్చ కోసం మళ్లీ గంట కూర్చున్నాం.

సిరిసిల్లకు వచ్చాక మొదట పోశం బావకు చూపించింది. "కెమెరా చేతికేసుకుని దొరసాని లెక్క తిరుగుతున్నవ్" అన్నాడు ఆయన. ఆ మనిషి అట్లా పరాచికమాడటం నేను మొదటిసారి విన్నాను.

జగిత్యాలలో నర్సింగ్ రావు గారిది రెండంతస్తుల చీరల దుకాణం. గొల్లపల్లి వైపు పాత దొరల కుటుంబం. భూములు తగ్గి వ్యాపారంలోకి వచ్చారు గానీ, కూర్చునే తీరు మారలేదు. ఆర్డరు కోసం నేనూ ఊర్మిలక్కా పోయేసరికి ఆయన గద్దె మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. పక్కన కొడుకు శశాంక్, చేతిలో ఫోను.

"ఏం తెచ్చినవమ్మా? శాంపిల్ ఏది?" అన్నాడు.

"శాంపిల్ లేదు సేటు. బొమ్మలు తెచ్చిన."

"బొమ్మలైతే ఫోన్‌కు పంపితే అయిపోవు గద. గింత దూరం బస్సెక్కుడెందుకు?"

"పంపితే మీరు చూసే లోపల మా ఊరంత నేస్తరు సేటు."

ఊర్మిలక్క కెమెరా తాడు మణికట్టుకే ఉంచుకుని, మక్కకంకిని ఆఖరుకు ఆపుకుని, తెరను ఆయన వైపు తిప్పింది. ఆయన ముఖం ముందు విసుగ్గా ఉంది. నాలుగో బొమ్మకు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మక్కకంకి దగ్గర "ఆగు" అన్నాడు. "పెద్దగ చెయ్యి" అన్నాడు. ఆమె చేసింది. అప్పుడే శశాంక్ ఫోను పైకెత్తి కెమెరా తెరకు గురిపెట్టాడు. ఊర్మిలక్క బొటనవేలితో కెమెరాను టక్కున ఆపేసింది.

"ఒక్క ఫొటో ఆంటీ, యాదికుండేటందుకు" అన్నాడు అతను.

"యాదికుండకుంటే మల్ల చూపెడ్త బిడ్డా. ఎన్నిసార్లన్నా చూడు."

నర్సింగ్ రావు గారికి కోపం వచ్చింది. "మేం దొంగలమా ఏంది? గా కెమెరా ఈడ పెట్టిపో. రేపు చెప్త. ముప్పై ఏండ్ల సంది మా దగ్గర ఇదే రివాజు."

జగిత్యాలలో ఆ దుకాణం కాదంటే మిగతా వాళ్లూ కాదంటారు. నిజం చెప్పాలంటే, ఒప్పుకో ఊర్మిలక్కా అని నేను ఆమె కొంగు కూడా లాగాను. ఆమె నా చేయి విదిలించుకుంది.

"నేను దొంగలన్లేదు సేటు. ఇంటికి తాళమేస్తే పక్కింటోడు కోపానికి రాడు గద. ముప్పై ఏండ్ల సంది గదే రివాజు, ముప్పై ఏండ్ల సంది నేసేటోళ్లం ఆసాములమే. చూస్తే చూడుండ్రి, లేకుంటే పోత. పెట్టిపోను."

"పో మరి" అన్నాడాయన.

ఆమె లేచింది. నేనూ లేచాను. పోయింది, అంతా పోయింది అనుకున్నాను. ఇక పెన్సిలు పొయ్యిలోకే.

పక్క గద్దె దగ్గర పెగడపల్లి నుంచి వచ్చిన మల్లవ్వ అనే పెద్దావిడ, తోడు వచ్చిన ఇద్దరు ఆడవాళ్లతో చీరలు చూస్తోంది. బిడ్డకు ఒడిబియ్యం పోసే వేడుక ఉందట. ఇప్పుడు ఫంక్షన్లలో చుట్టాలంతా ఒకే రకం చీర కట్టడం ఫ్యాషన్ అయింది కదా, ముప్పై చీరలు ఒక్క తీరుగా కావాలని పొద్దుటినుంచి కూర్చుంది. ముందర గుట్టగా పోసిన చీరల్లో ఒక్కటీ నచ్చలేదు. మా గొడవంతా చెవినేసుకుని ఉన్నట్టుంది.

"ఏం బొమ్మనే అది బిడ్డా? నాకు జూపెట్టు" అంది.

ఊర్మిలక్క వెనక్కి తిరిగి ఆమె పక్కన చతికిలబడి కూర్చుంది. కెమెరా తెరిచింది. ముగ్గురు ఆడవాళ్లూ తలలు ఆనించి చూశారు. మల్లవ్వ కళ్లు చికిలించి, ఆ చిన్న తెరను ముక్కు దాకా తెచ్చుకుంది.

"ఓసి! గిది మక్కకంకి గదనే! గింజ రాలింది సుత ఏసినవు" అని ఒక్కసారిగా నవ్వింది. "మా శేన్ల గిట్లనే ఉంటది. గిదే గావాలె. ముప్పై."

"ఇంక నేయలే అవ్వా. సేటును అడుగు" అంది ఊర్మిలక్క, సేటు వైపు చూడకుండానే.

మల్లవ్వ అడిగింది. నర్సింగ్ రావు గారు "గంతకన్న మంచియి ఉన్నయవ్వా, చూడు" అని ఇంకో గుట్ట పరిపించాడు. "పొద్దుగాల సంది చూస్తనే ఉన్న. అన్ని ఒక్కటే తీరు" అని ఆమె ఆ గుట్టను మోచేత్తో తోసేసింది. ఇంకో బేరం వాళ్లు కూడా లేచి వచ్చి "ఏది, మాకూ చూపెట్టుండ్రి" అన్నారు. కెమెరా చుట్టూ ఆడవాళ్లు మూగారు. కెమెరా మాత్రం ఊర్మిలక్క మణికట్టు వదల్లేదు.

సేటు గొంతు సవరించుకున్నాడు. "సరే ఊర్మిలా, ఇటు రా" అన్నాడు. అప్పటిదాకా ఆయన ఆమె పేరు అడగనే లేదు. నేను కొంగు లాగినప్పుడు "ఊర్మిలక్కా" అన్నాను, అక్కడ విని ఉంటాడు. "నూరు చీరలు తీస్కుంట. గని ఆసాములంటివి, ఒకటో రెండో సాంచెలుంటయ్. ఎన్నడు నేస్తవ్? డిజైన్ నాకియ్యి, దాని పైసలు దానికిస్త. నేను వేరే కాడ పది రోజుల్ల నేయించుకుంట."

ఇదే అసలు ఉచ్చు. మెత్తగా వేశాడు. ఊర్మిలక్క ముఖంలో ఒక్క క్షణం అలసట కనిపించింది, కాదనను.

"డిజైన్ ఇయ్య సేటు. మా సాంచెల మీదనే నేస్త. పక్కింటోళ్లయి గూడ కలుపుకుంట. ఇరవై ఐదు రోజులు పడ్తది."

"ఇరవై ఐదు రోజులు గిరాకీ ఆగుతదా?" అని ఆయన మల్లవ్వ వైపు చేయి చూపాడు.

మల్లవ్వ తమలపాకు మడుచుకుంటూ, "నా బిడ్డ ఒడిబియ్యానికి ఇంక నెల పదిహేను రోజులున్నది. ఆగుత" అంది. "గీ పిల్ల నేస్తేనే ఆగుత. ఇంకెవలో నేస్తే గింజలు ఎక్కువ తక్కువైతయ్."

నాకు అరవాలనిపించింది, చప్పట్లు కొట్టాలనిపించింది. ఇంతకుముందు చప్పట్లు పెట్టి చేసిన ఘనకార్యం తలుచుకుని చేతులు కట్టుకుని కూర్చున్నాను.

సేటు ఆర్డరు బుక్కు తీశాడు. ఊర్మిలక్క చెబుతుంటే రాశాడు. నూరు చీరలు, మక్కకంకి అంచు, ఇరవై ఐదు రోజులు. "డిజైన్ ఊర్మిలది, ఇంకోకాడ నేయించేది లేదు" అన్న దగ్గర పెన్ను ఆగింది. ఆమె తొందరపెట్టలేదు. మల్లవ్వ కూడా అట్లాగే చూస్తూ కూర్చుంది. ఆయన ఆ మాట రాసి, తేదీ వేసి, కింద సంతకం పెట్టి, కాగితం చింపి ఇచ్చాడు.

ఊర్మిలక్క దాన్ని తీసుకోలేదు. "జర గట్లనే పట్టుకోండ్రి సేటు" అని కెమెరాను కంటి దగ్గరికి ఎత్తింది. అది మా చేతికి వచ్చాక దానితో ఒక్క ఫొటో కూడా తీయలేదు మేము. ఎక్కడ నొక్కాలో ఆమెకు తెలుసో లేదో అని నేను లేవబోయాను.

"ఫొటో ఎందుకమ్మా?" అన్నాడాయన.

"కాయితం చినుగుతది సేటు. ఇటు చూడుండ్రి."

టిక్కుమంది. ఆమె తెర తిప్పి చూపించింది. నర్సింగ్ రావు గారు, చేతిలో కాగితం, కాగితం మీద అక్షరాలు కూడా చదివేంత స్పష్టంగా. ఆయన తన బొమ్మ చూసుకుని కాస్త మెత్తబడ్డాడు. మీసం సవరించుకున్నాడు.

"మంచిగనే అచ్చింది. నా ఫోన్‌కు పంపు" అన్నాడు.

ఊర్మిలక్క కెమెరా ఆపి, కాగితంతో పాటు సంచిలో పెట్టుకుని లేచింది.

"పంపుడు కాదు సేటు. సిరిసిల్లకు రాండ్రి, చూపెడ్త."